దీపాన్ని సాగనివ్వని రంగనాయకులన్న

ముందుగానే మనవి చేసుకుంటున్నాను. నా చేతిలో పడితే ఆవగింజ గుమ్మడికాయ అవుతుంది. ఈ సంతాప వ్యాసంలోనూ అవుతుంది. మన పుదుచ్చేరి తెలుగు సంఘం కార్యదర్శి వి.కె. రంగనాయకులు గారు మంగళవారం ఉదయం పరమపదించారన్నది మాత్రం గుమ్మడికాయ కాదు. ఫోనులో ఆ కబురు విని, నమ్మలేక చెవి మార్చాను. రెండో చెవికీ అదే కబురు.

ఆ మహానుభావుని జీవితధ్యేయం ఒక్కటే: సంఘం చిహ్నం ఎక్కడ కనిపించినా ఒక్కలాగే కనిపించాలి. రెండు వరికంకుల నడుమ దీపం, ముదురు నీలం, కింద ఎప్పుడూ ఒకే ఫాంటులో సంఘం పేరు. ఆ బొమ్మనూ, ఫాంటునూ, సంఘం ఫోటోలనూ ఒక సీడీలోకి ఎక్కించి ఊరంతా పంచారు. కాలాపేట మొదలు ముదలియార్‌పేట దాకా ఆ సీడీ అందని గడప లేదు. కొందరికి పెళ్ళి తాంబూలంతో పాటు అందింది. దాన్ని కంప్యూటర్లో పెట్టి చూసిన పుణ్యాత్ముడు మాత్రం నాకింతవరకు తారసపడలేదు. కాకులు రాకుండా పెరట్లో వేలాడదీసినవారిని ఎరుగుదును.

మనవాళ్ళ పద్ధతి వేరు. ఇంట్లో ఏ శుభకార్యమైనా ఫ్లెక్సు కట్టాలి, దాని నెత్తిన సంఘం చిహ్నం ఉండాలి. అందుకు ఏదో పాత పెళ్ళిపత్రికను దుకాణానికి తీసుకుపోయి, “దీంట్లో ఉండేది ఎత్తి దాంట్లో పెట్టు” అంటారు. దుకాణదారు ఎత్తుతాడు. ఖాళీ ఎంత ఉంటే అంత సాగదీస్తాడు. అడ్డంగా సాగితే దీపం ఇడ్లీ అవుతుంది, నిలువుగా సాగితే గరిటె. నీలమేమో ఒక వీధిలో వంకాయ, పక్క వీధిలో పచ్చిచింతకాయ.

మూలకుళంలో చెవులు కుట్టే వేడుక ఒకటి జరిగింది. దుకాణంలో మన ఫాంటు లేదట. దొరికిన గుండ్రటి అక్షరాలేవో తగిలించి పంపారు. అవి కన్నడం! బంధుకోటిలో ఇంట తెలుగు మాట్లాడనివారు లేరు. చదవగలవారం రంగనాయకులన్నగారూ నేనూ మాత్రమే.

“ఇది తెలుగు గాదు పెద్దమ్మా!” అని అన్నగారు ఆక్రోశించారు.

“యాడ గాదు నాయనా? సక్కంగా మురుకులు చుట్టినట్టు ఉండాదే!” అంది ఆ ఇంటి పెద్దావిడ.

“ఏంది పెద్దమ్మా, లోకంలో మురుకులన్నీ మనవేనా?”

“నువ్వు చదవొద్దు, కూచోని తిను. పాయసం ఆరిపోతా ఉండాది.”

అన్నగారు తినలేదు. బల్ల ఎక్కి ఫ్లెక్సు తాళ్ళు విప్పడం మొదలుపెట్టారు. అందరూ ఆయన వైపు తిరిగేసరికి, సందు దొరికిందని పిల్ల పారిపోయింది. కంసాలి సూది పట్టుకుని సముద్రం దాకా తరిమాడు.

తిరుగుదారిలో నేను విసుక్కున్నాను. “ఎందుకన్నా ఈ యాతన? దీపం రవ్వంత లావైతే ఏం మునిగిపోయింది?”

“ఏందబ్బా అట్టంటావు? మన పిల్లోళ్ళకు అక్షరం రాదు, పేరు చదవలేరు. ఆ బొమ్మను చూసే గదా ఇది మనది అనుకోవాల! దినానికొక మొగం పెట్టుకోని వస్తే సొంత నాయననైనా గుర్తు పడతారా?”

నవ్వబోయి ఆగిపోయాను.

ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు సంఘం తరఫున ఒక కార్డు తీసుకెళ్ళాను. దాని మీద దీపం నొక్కుకుపోయి ఉంది. చూడగానే అన్నగారు ముక్కుగొట్టం పీకి, మంచం మీద లేచి కూర్చుని, “ఎవుడబ్బా దీన్ని నొక్కింది?” అని సింహనాదం చేశారు. ఆ ధ్వనికి పక్క వార్డులోని రోగులు స్వస్థులై ఇళ్ళకు వెళ్ళిపోయారు.

నిన్న సంతాపసభ. వేదిక మీద ఫ్లెక్సు చూసి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెదురుబద్దలాంటి మనిషి ఫోటోలో పహిల్వానుగా సాగి ఉన్నారు. పక్కన దీపమూ అంతే. ఈ ఒక్కసారైనా సరిగ్గా రావాలని సీడీని నేనే ముందుగా పంపాను. కమిటీ కుర్రవాణ్ణి నిలదీశాను.

“సీడీ ఇచ్చినాము సార్. అంగట్లో దాన్ని తెరవలేదంట, పోయినేటి నోటీసులోది ఎత్తేసినారు. టైము లేదు, అడ్జస్ట్ చేసుకోండి. ఇంత పట్టిపట్టి చూసేదెవురు సార్?”

“మొన్నటిదాకా ఒకరుండేవారు” అన్నాను. వాడికి అర్థం కాలేదు. మైకు సరిచేయడానికి వెళ్ళిపోయాడు.

సంఘానికి ఇంకొక కార్యదర్శి దొరుకుతాడు. వంకర దీపాన్ని చూసి పాయసం వదిలి లేచే మనిషి దొరకడు. ఆ దివంగతమూర్తికి చేతులెత్తి మొక్కుతున్నాను.

ఇక నేను అల్లినదేదో చెప్పాలి. పిల్ల వెంట కంసాలి పడ్డ మాట నిజమే, వీధి చివరిదాకా. అల్లినది ఆస్పత్రి సింహనాదం. కార్డు నిజం, నొక్కుకుపోయిన దీపం నిజం. అన్నగారు దాన్ని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు. తిట్టడానికి ఊపిరి కూడగట్టుకుంటున్నారనుకుని ఆశగా వంగాను.

“బాగుండాదబ్బా” అన్నారు.