ప్లూటో పాఠం దిద్దుకున్న గురువు

తళిలో మా తోటలో గులాబీలు కోయిస్తుండగా హోసూరు నుంచి గోవిందప్ప సార్ కొడుకు ఫోను చేశాడు. "నాయన పోయినాడక్కా" అన్నాడు. తెలుగు మాధ్యమ బడిలో దీర్ఘకాలం సైన్సు బోధించిన ఆ విద్వన్మూర్తి అస్తమయం తమిళనాట ఈ హోసూరు సీమ తెలుగువారందరికీ శోకకారణం. నాకు మాత్రం శోకానికి ముందే సిగ్గు ముంచుకొచ్చింది. అదెందుకో చెప్పకుండా ఆయనను స్తుతించే అర్హత నాకు లేదు.

నా ఎనిమిదో తరగతిలో ఒకనాడు సార్ నల్లబల్ల మీద తొమ్మిది గ్రహాల కక్ష్యలు గీశారు. ప్లూటో గీత నెప్ట్యూన్ గీతను దాటి లోపలికి వచ్చింది. "ఇంగొకరి దావలోకి దూరేదాన్ని గ్రహమని ఎవురు తేల్చినారు సార్?" అని అడిగాను. ఆయనకు కోపం వచ్చింది. "పుస్తకం తేల్చింది. పో, బయట నిలబడు" అన్నారు.

ఏళ్ల తరువాత ఖగోళ శాస్త్రజ్ఞులు సమావేశమై, గ్రహమంటే ఏమిటో నిర్వచించి, ఓటు వేసి, ప్లూటోను మరుగుజ్జు గ్రహమన్నారు. లోకం ఆ వార్త చదివి మరిచిపోయింది. సార్ మరవలేదు. సంతలో, పెళ్లి పంక్తిలో, డెంకణికోట బస్సులో, పాత శిష్యుడు ఎక్కడ కనబడినా పట్టుకుని పాఠం దిద్దేవారు. "మూడు షరతులప్పా! సూర్యుని చుట్టూ తిరగాల. తన బరువుకు తానే గుండ్రం కావాల. తన దావను తానే ఊడ్చుకోవాల. ప్లూటో మూడోదాంట్లో ఫెయిలు. నేను చెప్పింది మార్చుకో." "మా అంగట్లో ప్లూటోకు గిరాకీ లేదు సార్" అని ఒక శెట్టిగారు ఎగతాళి చేస్తే, "నీకు లేకపోతే నీ బిడ్డకు చెప్పప్పా" అన్నారట.

నిరుడు నన్ను బడికి పిలిపించారు. విశ్రాంత జీవితంలోనూ ఆయన అప్పుడప్పుడూ అక్కడ పాఠం చెప్పేవారు. పిల్లల ముందు నన్ను నిలబెట్టి, "ఈమె నన్ను సరైన ప్రశ్న అడిగింది. తెలీదని చెప్పేదానికి నామోషీ పడి బయటికి పంపినాను. తప్పు నాది. క్షమించమ్మా" అంటూ చేతులు జోడించారు.

గురువు చేతులు జోడిస్తే చూస్తూ ఊరుకోగలమా? మా పెంపకంలో అది మహాపాపం. "అయ్యో, అట్లాంటిదేమీ జరగలేదు సార్! నాకు గుర్తే లేదు" అని నవ్వేశాను. పిల్లలూ నవ్వారు. "తాతకు వయసైపోయింది" అని వాళ్లలో ఎవరో గుసగుసలాడారు.

సార్ చేతులు మెల్లగా కిందికి దిగాయి. "జరిగిందమ్మా" అన్నారు. "నువ్వే లేదంటే నేనింక ఎవురి దగ్గర దిద్దుకోవాల?"

ఛీ, దాన్ని మర్యాద అనుకున్నాను! తన నోట వెలువడిన ఒక్క పొరపాటునూ సహించలేని సత్యవ్రతుణ్ణి, ఆయన బడిలోనే, ఆయన పిల్లల ఎదుటే, మతి తప్పిన ముసలివాణ్ణి చేశాను. తరువాత కలిసినప్పుడల్లా గులాబీల ధర అడిగేవారు గానీ ఆ మాట మళ్లీ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తప్పును ఒప్పుకోవడానికి ఊరూరూ తిరిగిన అటువంటి ఆచార్యుణ్ణి మళ్లీ చూడబోము.

ఆ పిల్లలు చదువుతారనే ఇది రాస్తున్నాను. ఆయన చెప్పింది నిజం. గంట కొట్టేదాకా వరండాలో నిలబడి ఏడ్చాను. మీరు చేసింది తప్పే సార్. క్షమించాను.