సోమ్లి గోళీలు

మరిపెడలో జాకెట్లు కుట్టే కమిలి, డాక్టర్ల పరిశోధనలకు అనుమతినిచ్చే కమిటీలో సభ్యురాలు. అందులో డాక్టరు కాని మామూలు మనిషి ఒకరుండాలని నియమం. టీ తాగి సంతకం పెట్టిపోతుందనుకునే ఆమెను పిలిచి ఉంటారు.

ఈసారి బీపీ మీద పరిశోధన వచ్చింది. రక్తం ఎంత తీస్తారని అడిగింది కమిలి. ఐదు మిల్లీలీటర్లన్నారు.

"చెంచాల లెక్కన చెప్పుండ్రి సారూ."

ఒక చెంచా అని, రోగులకు చదివి వినిపించే ఒప్పుకోలు కాగితంలో రాశారు.

"రక్తమియ్యనోళ్లకు మందులు బంద్ చేస్తరా?"

అలా ఆపబోమన్నారు.

"గది గూడ రాయుండ్రి. మా తండాల మా భాషల చదివి చెప్పుండ్రి."

అవన్నీ ఒప్పుకున్నాకే సంతకం పెట్టింది.

తీరా ఆ పరిశోధన చేసే డాక్టరు మొదట వెళ్లింది కమిలి వాళ్ల తండాకే. ఆమె అత్త సోమ్లికి కాగితమంతా లంబాడీలో చదివించాడు. ముసలామె చివరిదాకా విని, చదివిందే మళ్లీ ఒకసారి చదివించుకుని, చెయ్యి చాపింది. డాక్టరు సంబరంగా సూది తీశాడు.

"సూది వద్దు సారూ. రక్తమియ్య. నా బీపీ గోళీలియ్యి."

డాక్టరు ముఖం చిన్నబోయింది. పక్కనే ఉన్న కమిలి మాత్రం కడుపు పట్టుకుని నవ్వింది.

"పరేషాన్ గాకుండ్రి సారూ. మీ కాగితం మంచిగ అర్థమైంది."