నీళ్లు వదలనన్న పద్మక్క

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, సిరిసిల్లలో ఒక ఫంక్షన్ హాల్ ముందు నీటి శిల్పం అమర్చే పని నాకు వచ్చింది. మాది కోరుట్ల. వారమంతా ఫౌంటెన్లు బిగిస్తాను, ఆదివారం జగిత్యాల క్రైస్తవ సంఘంలో వాక్యం చెబుతాను. రెండింట్లోనూ ప్రెషర్ తగ్గితే జనం నిలవరని మా ఇంటావిడ ఎగతాళి.

శిల్పం కనకయ్యది. సాంచెల, అంటే మరమగ్గాల, మెకానిక్‌గా బతికి, సాంచెలు మూతపడుతుంటే స్టీలుతో బొమ్మలు చేయడం మొదలుపెట్టిన మనిషి. నిలువెత్తు స్టీలు మగ్గం చేశాడు. పై కడ్డీ నుంచి నీటి ధారలు పడుగు పోగుల్లా దిగాలి. దానికి లామినార్ నాజిల్ వాడతాం. అది నీటిలోని కుదుపును అణచి, ధారను గాజుకడ్డీలా తెగకుండా పంపుతుంది. గాలి వీస్తే ధారలన్నీ ఒక పక్కకు ఒరిగి, ఆరేసిన చీరలా ఊగుతాయి. “గాలే మన పేక” అనేవాడు కనకయ్య. పేకంటే అడ్డపోగు.

పని పూర్తయ్యేలోపే అతనికి పక్షవాతం వచ్చింది. కరీంనగర్ ఆసుపత్రిలో కళ్లు మూసుకుని పడి ఉన్నాడు. ప్రారంభానికి అతని భార్య పద్మక్కను పిలిచారు హాల్ యజమాని మోహన్‌రావు గారు.

సాయంత్రపు వెలుగు స్టీలు మీద పసుపు పూసినట్టుంది. పద్మక్క వాల్వ్ మీద చెయ్యి పెట్టింది.

“కానియ్యి పద్మా, నీళ్లు వదులు” అన్నారు రావు గారు.

ఆమె చెయ్యి తీసేసింది. “నేను వదల సారూ.”

“గదేంది? గీడిదాంక అచ్చి?”

“పొద్దుగాల డాక్టర్ ఆశ వదులుకొమ్మన్నడు. మా మరిది గదే మాట. ఇప్పుడు మీరు నీళ్లు వదులుమంటున్రు. పోయినోళ్లకు గదా సారూ వదిలేది! మా ఆయన ఉన్నడు.”

నీళ్లు వదలడమన్నది మా వృత్తిలో రోజూ వాడే మాట. రావు గారి ముఖం చిన్నబోయింది. “తప్పయింది బిడ్డా. నేనే తిప్పుత తియ్.”

“ఎవ్వలు తిప్పినా గదే గదా!” అని వాల్వ్‌కు అడ్డం నిలబడి, నా వైపు తిరిగింది. “తమ్మీ, మీ బైబిల్ల దీనికి వేరే మాట లేదా?”

“ఉన్నదక్కా. ఎడారిల జనం దూపకు అల్లాడుతుంటే, బండతోని మాట్లాడు, నీళ్లస్తయని దేవుడు మోషేకు చెప్పిండు.”

“మాట్లాడిండా?”

“లేదు. కట్టెతోని కొట్టిండు.”

“మొగోళ్లంత గంతే!” అంది. చాలా రోజులకు నవ్విందనిపించింది.

తర్వాత స్టీలు మగ్గానికి నుదురు ఆనించి, నిద్రలో ఉన్నవాణ్ణి లేపినట్టు మెల్లగా అంది: “రా... జెర అచ్చిపో.” ఎవరిని పిలిచిందో నేను అడగలేదు. అలా పిలుస్తూనే వాల్వ్ తిప్పింది. పైపులో చిన్న నిట్టూర్పు. ఒక్కొక్క పోగూ దిగింది. గాలి వచ్చింది, నీళ్ల చీర ఒరిగి ఆమె మోచేతిని తాకి మళ్లీ నిలబడింది.

కనకయ్య ఆ క్షణంలోనే కళ్లు తెరిచాడని సంఘంలో సాక్ష్యం చెప్పాలని ఎంత ఆశపడ్డానో ప్రభువుకు తెలుసు. అలా జరగలేదు. వానలు వెనకబట్టాక తెరిచాడు. కుడిచెయ్యి రాలేదు, మాట రాలేదు. కొన్ని సాయంత్రాలు పద్మక్క అతన్ని ఆటోలో తెచ్చి ఆ నీటి ముందు కూర్చోబెడుతుంది. ఇద్దరి మాటలూ తనే మాట్లాడుతుంది.

నీటిని నడిపించడం నాజిళ్ల పని అనుకునేవాణ్ణి. ఇప్పుడు వాల్వ్ దగ్గర ఎవరిని నిలబెట్టినా, “పిలవండి” అంటాను. కొందరు నవ్వుతారు. నవ్వుతూనే పిలుస్తారు.