ఆముదంతో కొట్లాడని అత్తరు

నా చిన్నప్పుడు ఒక వారపు అంగడి రోజున, దేవరకొండ బజారులో నలుగురూ చూస్తుండగా, మా తాత వయసున్న ఒక పెద్దమనిషిని అబద్ధాలకోరు అన్నాను. ఆయన అత్తరు అమ్మేవాడు. మా బాపు పేరు చెప్పి ఆయన అత్తరు అడిగితే, నా మణికట్టు మీద ఒక చుక్క రాసి, "గిదే బిడ్డా, మీ బాపు పూసుకునేది" అన్నాడు. వాసన చూశాను. తడిసిన వేర్ల వాసన, నీడపట్టున ఉన్న మట్టి వాసన. చెడ్డదేమీ కాదు. కానీ అందులో మా బాపు లేడు. "ఇది కాదు. నువ్వు అబద్ధం చెప్తున్నవ్" అని అరిచాను.

పక్కన గాజుల గంప పెట్టుకున్న ఆమె పగలబడి నవ్వింది. "ఏం సాయిబూ, ఆఖరికి గీ పోరి గూడ నీ సరుకు కల్తీ అంటాంది!" ఆయన నవ్వలేదు. కోపం కూడా తెచ్చుకోలేదు. సీసాకు బిరడా పెట్టి, "సరే, మీ బాపునే తోలుకరా. ఆయననే అడుగుదం" అన్నాడు. అప్పుడు నేను, బాపు లేడని చెప్పాను. ఆ మాట నోటితో అనడం నాకు అదే మొదటిసారి.

ఎనభైల నడుమ సంగతి ఇది. నాకు పదకొండేళ్లు. మా బాపు ఊరి చివర ఆముదం మిల్లులో పనిచేసేవాడు. మా మెట్ట చేలల్లో వాన ఉన్నా లేకున్నా ఆముదం ఎంతో కొంత పండేది. ఆ గింజలన్నీ బండ్ల మీద మిల్లుకు వచ్చేవి. వాటిని వేడిచేసి యంత్రంలో పిండితే ఆవిర్లు కక్కే నూనె దిగేది. ఆ వేడి ఆవిరిలో పొద్దంతా నిలబడిన మనిషికి వాసన బట్టలకు కాదు, చర్మానికి పడుతుంది. బాపు సబ్బు అరిగిపోయేదాకా రుద్దుకునేవాడు. తువ్వాలుతో తుడుచుకోగానే ఆముదం మళ్లీ పైకి తేలేది. అమ్మకు అదేమీ పట్టేది కాదు. "మీ బాపు సందు మలగకముందే నాకు ఎరుకైతది, అప్పుడు ఎసరు పెడ్త" అనేది. నిజంగానే ఆయన కాళ్లు కడుక్కొని కూర్చునేసరికి అన్నం ఉడికేది.

నాకు మాత్రం బడిలో తలవంపుగా ఉండేది. మా తరగతి ఆడపిల్లలు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి, ఆముదం బుడ్డీ అనేవారు. ఒక మధ్యాహ్నం పెద్ద వాన పట్టుకుంది. బడి వదిలే వేళకు బాపు మిల్లు నుంచి నేరుగా వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. నేను తడవకూడదని ఒక గోనెసంచిని తలమీద కప్పుకునేలా మడిచి తెచ్చాడు. ఆ సంచికి నూనె పట్టి నల్లగా ఉంది. నా వెనక పిల్లలు ముక్కులు మూసుకున్నారు. నేను బాపును చూడనట్టే వానలో పరుగెత్తాను. ఇంటికి వచ్చేసరికి చెప్పులకు అరచేతి మందాన ఎర్రమట్టి అంటుకుంది.

నా వెనకే బాపు కూడా వచ్చి, పెరట్లో నీళ్లు పోసుకుంటున్నాడు. నేను వంటింట్లో అమ్మతో అన్నాను. "బాపును బడికాడికి రావద్దని చెప్పే. వాసనొస్తడు." అమ్మ నా నోటి మీద చిన్నగా కొట్టింది. పెరట్లో చెంబు చప్పుడు ఆగలేదు. ఆయన విన్నాడో లేదో ఆ చప్పుడును బట్టి చెప్పలేం. అన్నం తినేటప్పుడు ఎప్పటిలాగే నా పళ్లెంలోకి తన ఉల్లిగడ్డ ముక్క వేశాడు. బడి దగ్గరికి మాత్రం మళ్లీ రాలేదు.

బతుకమ్మ మొదలైన రోజు పొద్దున, బాపు చెవి మడతలో అత్తరు అద్దిన చిన్న పత్తి ఉండ కనిపించింది. "ఏందయ్యో, పెండ్లికొడుకు లెక్క తయారైనవ్?" అని అమ్మ ఆటపట్టించింది. బాపు సిగ్గుపడ్డాడు. అది మొదలు ఆయన దగ్గర ఆముదం వాసన ఒక్కటే కాక మరొకటి కూడా ఉండేది. రెండూ కలిసి ఏమయ్యేవో అప్పుడు నాకు మాటలు తెలియవు. పొద్దుగూకాక కల్లంలో చల్లబడుతున్న చెత్తమంట పక్కన కూర్చుంటే ఎలా ఉంటుందో, అలా ఉండేది. పిల్లలు ముక్కు మూసుకోవడం మానలేదు గానీ నేను ఆయన పక్కన కూర్చోవడం మొదలుపెట్టాను. ఎందుకు కూర్చుంటున్నానో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

ఎండాకాలం రాకముందే బాపుకు కామెర్లు వచ్చాయి. పసరు పోయించారు, తర్వాత నల్లగొండ దవాఖానకు తీసుకుపోయారు. తీసుకుపోయిన జీపులోనే తెచ్చారు. మా దగ్గరి ఆచారం ప్రకారం ఆయన బట్టలన్నీ మూటకట్టి ఇచ్చేశారు. పడుకున్న చాప పారేశారు. పదకొండో రోజుకు గోడలకు సున్నం వేశారు. అత్తరు సీసా ఆ మూటలోనే పోయిందట. అందరూ చేయవలసినదే చేశారు, ఎవరిదీ తప్పు లేదు. కానీ ఆ రోజు ఇంట్లోకి అడుగుపెడితే సున్నం వాసన తప్ప ఇంకేమీ లేదు. మూలమూలలా వెతికాను. బాపు తల ఆనించే గోడ దగ్గర ముక్కు పెట్టి చూశాను. సున్నమే.

అందుకే తర్వాతి అంగడి నాడు అమ్మకు చెప్పకుండా బజారుకు పోయాను. అత్తరు తెస్తే బాపు కూడా వస్తాడని నా లెక్క. రాకపోయేసరికి ఆ ముసలాయన మీద అరిచాను.

బాపు లేడని వినగానే అత్తరు తాత చేతిలోని సీసా పక్కన పెట్టాడు. గాజులామె నవ్వు ఆగిపోయింది. తర్వాత ఆయన నన్ను తన పీట మీద కూర్చోబెట్టి, నా మణికట్టును తడిగుడ్డతో శుభ్రంగా తుడిచాడు. లేచి ఎదురుగా కిరాణా దుకాణానికి పోయి, ఒక చిన్న గిన్నెలో ఏదో పోయించుకొని వచ్చాడు. పక్కనున్న చాయ్ పొయ్యి మీద ఆ గిన్నెను కాసేపు పెట్టించాడు. "సాయిబూ, ఇయ్యాల చాయ్‌ల ఆముదం పోసుకుంటవా?" అన్నాడు చాయ్ అతను. "నీ చాయ్ కన్న నయమే తియ్యి" అన్నాడు ఈయన.

గోరువెచ్చని ఆముదం నా మణికట్టుకు పట్టించాడు. అది చర్మంలోకి ఇంకేదాకా ఆగాడు. దాని మీద ఇందాకటి అత్తరే ఒక చుక్క వేశాడు. నేను వెంటనే ముక్కు దగ్గర పెట్టుకోబోతే చేయి పట్టి ఆపాడు. "ఇప్పుడే చూడకు. గా సందు చివరిదాక పోయి రా. నడిస్తే ఒళ్లు వేడైతది. అప్పుడు చూడు."

నడిచాను. సందు చివర ఖిల్లా గుట్ట కనబడే చోట చేయి ఎత్తి వాసన చూశాను.

బాపు ఉన్నాడు.

అక్కడే గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఎంతసేపు ఏడ్చానో తెలియదు. తిరిగి వచ్చేసరికి తాత మరో బేరం చేస్తున్నాడు. కొనేవాళ్లు పోయేదాకా ఆగాడు. తర్వాత చెప్పాడు.

"మీ బాపు నా కాడికి నాలుగు అంగళ్లు తిరిగిండు బిడ్డా. అత్తరు కొనేటోళ్లు సీసా మూత తీసి వాసన చూస్తరు, నచ్చితే పట్టుకపోతరు. ఆ వాసన సీసాది, వాళ్లది కాదు. మీ బాపుకు గది సమజైంది. గులాబీ పెట్టిన, ఆముదంతోని కలిసి కుళ్లిన బెల్లమైంది. మల్లె పెట్టిన, తలకాయ నొచ్చింది. బాగ కారమున్నది ఒకటి ఉంటది, ఆముదం మొత్తం దాగిపోతది, గది తీసుకో అన్న. వద్దన్నడు. 'ఇది నా కూడు సాయిబూ, దీన్ని సంపేది నాకొద్దు. దీనితోని కొట్లాడకుండ పక్కపొంటి నడిచేది ఉంటే ఇయ్యి' అన్నడు. నాలుగో అంగడికి వట్టివేరు పెట్టిన. ఊరంత ఒక చుట్టు తిరిగొచ్చి, 'ఇది కొట్లాడుతలేదు' అని నవ్విండు."

బాపు అసలు అత్తరు కోసం ఎందుకు వచ్చాడో చెప్పాడా అని అడగాలనుకున్నాను. నోరు రాలేదు. నేను అరిచినందుకు తప్పయిందని చెప్పడానికి కూడా నోరు రాలేదు. తాత చిటికెన వేలంత సీసాలో వట్టివేరు అత్తరు పోసి నా పిడికిట్లో పెట్టాడు. "రెండోది మీ ఇంట్లనే ఉన్నది" అన్నాడు. ఉన్నది నిజమే. తలకు పెట్టుకునే ఆముదం బుడ్డి మా గూట్లో ఎప్పుడూ ఉండేది. చల్లగా ఉన్నంతసేపు అది పలకదు. వేడి తగలాలి.

ఇంటికి వచ్చేసరికి అమ్మ పొయ్యి ముందు ఉంది. నేను గడప దాటకముందే ఆమె చేయి చటుక్కున ఎసరు గిన్నె మీదికి పోయింది. అంతలోనే ఆగిపోయింది. తల తిప్పి వాకిలి వైపు చూసింది. అక్కడ నేనున్నాను. ఆమె ముఖంలో ఆ క్షణం వచ్చి పోయినది నేను చూడకుండా ఉంటే బాగుండేది. నా చేయి పట్టుకొని మణికట్టును ముఖానికి ఆనించుకుంది. ఎక్కడికి పోయావని అడగలేదు, తిట్టలేదు. ఆ పూట నా కుడిచేయి కడగనివ్వలేదు. తనే అన్నం కలిపి ముద్దలు పెట్టింది.

ఇప్పుడు మా ఇంట్లో మగపిల్లలు సెంటు కొనాలంటే నన్ను దుకాణానికి తీసుకుపోతారు. కాగితం ముక్క మీద చల్లి చూపిస్తే నేను ఒప్పుకోను. చేతికి రాసుకొని వీధి చివరిదాకా నడిచి రమ్మంటాను. ముసలమ్మ చాదస్తమని నవ్వుతూనే నడిచి వస్తారు. వచ్చాక ఎక్కువసార్లు మొదట ఎంచుకున్నది వదిలేసి వేరేది తీసుకుంటారు. తమ ఒంటి వాసనను దాచేదాన్ని కాక దానితో సర్దుకుపోయేదాన్ని తీసుకొమ్మని మాత్రం చెబుతాను. ఆ మాట ఎవరిదో చెప్పను.

చదువుకని నల్లగొండ వెళ్లి, కొన్నేళ్లకు తిరిగి వచ్చేసరికి అత్తరు తాత లేడు. ఆయన కూర్చునే జాగాలో స్టీలు సామాన్ల దుకాణం వచ్చింది. అడగవలసినది ఇక ఎవరినీ అడగలేను.

అప్పుడప్పుడు లెక్కపెట్టుకుంటాను. చెవి మడతలో పత్తి కనిపించింది బతుకమ్మ మొదలైన నాడు. అది నాలుగో అంగడి మరునాడే అనుకుంటే, బాపు మొదటిసారి అత్తరు తాత దగ్గరికి పోయింది అంతకు మూడు వారాల ముందు. బాపు వాసనొస్తాడని నేను అమ్మతో అన్న రోజు వాన కురిసింది, నా చెప్పులకు ఎర్రమట్టి అంటింది. ఇవన్నీ బాగా గుర్తున్నాయి. ఆ వాన మొదటి అంగడికి ముందు కురిసిందో, తర్వాత కురిసిందో మాత్రం నాకు ఇప్పటికీ తెలియదు.