ముళ్ల మొక్కల పేజీ ఒక్కటే పనిచేసింది

ముందు సరిగ్గా కూర్చో. అలా మంచానికి అడ్డంగా బోర్లా పడుకుని టైపు చేస్తే నా మాటలు సగం దిండులోకే పోతాయి. ఆ కంప్యూటర్ ఒళ్లో పెట్టుకో, వీపు గోడకి ఆనించు, నేను చెప్పింది చెప్పినట్టు కొట్టు. మధ్యలో "అమ్మమ్మా, ఈ వాక్యం బాలేదు, మారుస్తాను" అనకు. ఇంట్లో పెద్దవాళ్ల ఉద్యోగం కబుర్లు రాసుకుని రమ్మన్నది మీ టీచరుగారు, దిద్దుకుంటే ఆవిడే దిద్దుకుంటారు.

ఆ రోజుల్లో మా కొవ్వూరులో ఆడమనిషి ఉద్యోగం అంటే బడి, లేకపోతే బ్యాంకు. ఈ రెండూ కాకుండా "వెబ్ పేజీలు తయారుచేస్తానండి" అంటే అవతలివాళ్లు కాసేపు ఆలోచించి, "అంటే పెళ్లి కార్డులు కొట్టే చోటా అమ్మా?" అనేవాళ్లు. నేను అవునండి అనేసేదాన్ని. (వివరించే ఓపిక లేక కాదు, వివరించేంత నాకూ తెలియక.) అప్పుడు మీ అమ్మ ఎనిమిదో క్లాసు, నాకు ముప్ఫై నాలుగేళ్లు. నీకది ముసలితనంలా అనిపించొచ్చుగానీ, పొద్దున్నే రాజమండ్రి వెళ్లే రైలెక్కి కిటికీ పక్కన కూర్చుని, బ్రిడ్జి మీద గాలి మొహానికి కొడుతుంటే, నాకు మాత్రం పద్దెనిమిది దాటలేదనిపించేది. మా వీధి చివర ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్నెల్లు నేర్చుకుని, దానవాయిపేటలో ఒక మేడ మీద ఆఫీసులో చేరాను. మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను, మా పెద్దసారు. ఆయనకి నలభై కూడా లేవు, కానీ జుట్టు ముందే నెరిసింది, అందుకని పెద్దసారు. మూడు నెలలు ట్రయల్ అన్నారు. ఇంట్లో మా అత్తగారు కూడా సరిగ్గా అదే లెక్క చెప్పారు. "మూడు నెలలు చూద్దామమ్మా. వాళ్లు ఉంచుకుంటే వెళ్లు, ఉంచుకోకపోతే ఇంక ఆ మాట ఎత్తకు" అన్నారు. ఆవిడ చెడ్డ మనిషి కాదు, పొద్దున్నే లేచి నాకు క్యారేజీ కట్టిందీ ఆవిడే. కానీ మాటంటే మాటే.

మూడో నెల నడుస్తుండగా కడియం నుంచి ఒక నర్సరీ ఆయన వచ్చారు. ఆయన్ని మేం తోటగారు అనేవాళ్లం. తన దగ్గరున్న మొక్కలన్నీ కంప్యూటర్లో కనపడాలని, ఎక్కడివాళ్లయినా చూసి తమకి కావలసినవి ఎంచుకోవాలని ఆయన కోరిక. ఆరు పేజీలు అనుకున్నాం: గులాబీలు, మల్లెలు, మందారాలు, క్రోటన్లు, పళ్లచెట్ల అంట్లు, చివర్న ముళ్ల మొక్కలు. పేజీలు చెయ్యడం నా పని. వరసకొక మొక్క, పక్కన బొమ్మ, ఆ పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో "కావాలి" అని ఒక బటన్. ఆ బటన్ నొక్కగానే ఆ మొక్క పేరు కింద జాబితాలోకి వచ్చి పడాలి. అలా తెచ్చి పడేసేదాన్ని స్క్రిప్ట్ అంటారు. పేజీలో మనక్కావలసిన ముక్క ఎక్కడుందో వెతికి పట్టుకుని, దాన్ని కదిలించడమో మార్చడమో చేసే రాత అన్నమాట. అది రాసింది కాకినాడ నుంచి వచ్చే ఒక ప్రోగ్రామరు. నాకన్నా పదేళ్లు చిన్న, ఇంజనీరింగ్ చదివాడు. నన్ను మేడమ్‌గారూ అనేవాడు, నేను సారూ అనేదాన్ని, ఇద్దరికీ ఆ పిలుపు కొత్తే.

సోమవారం ఆయన స్క్రిప్ట్ తెచ్చి నా పేజీలకి తగిలించాడు. నేను మల్లెల పేజీ తెరిచి, దొంతర మల్లె నొక్కాను. కింద జాబితాలో బొండు మల్లె వచ్చింది. విరజాజి నొక్కితే దాని పై వరసలో ఉన్న సన్నజాజి. ఏది నొక్కినా దాని పైది వస్తోంది. అన్నిటికన్నా పైనున్నది నొక్కితే అసలేమీ లేదు, ఒక ఖాళీ వరస వచ్చి కూర్చుంటోంది.

"సారూ, మొక్కలు తారుమారవుతున్నాయండి."

"నా సిస్టంలో బానే వస్తోందండి మేడమ్‌గారూ, చూడండి" అని చూపించాడు. నిజమే. ఆయన స్క్రిప్ట్ రాసేటప్పుడు తనే ఒక పేజీ తయారుచేసుకుని దాని మీద పరీక్షించుకున్నాడు, అందులో అంతా సవ్యంగా ఉంది. నా పేజీల్లోనే తేడా. కంప్యూటర్ ఆపి పెట్టాం. ఫైళ్లు మళ్లీ ఎక్కించాం. నా కంప్యూటర్ లేవదీసి ఫ్యాను కిందకి జరిపాం కూడా. (నవ్వకు. అప్పట్లో అదీ ఒక వైద్యమే.) మంగళవారానికి ఆయన ఒక ఉపాయం చేశాడు. స్క్రిప్ట్ వరసల్ని లెక్కపెడుతుంది కదా, అయిదో బటన్ నొక్కితే అయిదో వరస తెస్తుంది కదా, ఒకటి కలిపి ఆరో వరస తెమ్మన్నాడు. అంతే, గులాబీ నొక్కితే గులాబీ, మందారం నొక్కితే మందారం. పెద్దసారు అందరికీ టీ తెప్పించారు. టీ తాగుతూ నేను ఆరో పేజీ తెరిచాను. నాగజెముడు నొక్కితే దాని కిందున్న బొంతజెముడు వచ్చింది.

ఒకటి తీసేస్తే ముళ్ల మొక్కలు బాగుంటాయి, మిగతా అయిదూ పాడు. ఒకటి కలిపితే ఆ అయిదూ బాగుంటాయి, ముళ్ల మొక్కలు పాడు. ఆ రోజు నుంచి ఆయన మాకు ప్లస్‌వన్ సారయ్యాడు.

"ఈ కాక్టస్ పేజీకి విడిగా చెప్పేద్దావండి, కలపొద్దని" అన్నాడు ప్లస్‌వన్ సారు.

"రేపు తోటగారు ఏడో పేజీ అడుగుతారు. దానికి కలుపుతావా, తీస్తావా? జాతకం చూసి చెప్తావా?" అన్నారు పెద్దసారు. అని, మా ఇద్దరి వైపూ తిరిగారు. "శుక్రవారం ఆయనొస్తారు. ఆయన ముందు గులాబీ నొక్కితే ఇంకోటి వస్తే ఈ వెబ్బు పని ఎత్తేస్తాను. మళ్లీ జెరాక్సు మెషిన్ పెట్టుకుంటాను. అప్పుడు మీ ఇద్దరితో నాకు పని ఉండదండి, ముందే చెప్తున్నాను."

బుధవారమంతా ప్లస్‌వన్ సారు స్క్రిప్ట్‌ని పైనుంచి కిందకి, నేను తెర మీద పేజీల్ని కిందనుంచి పైకి చూశాం. ఏమీ దొరకలేదు. గురువారం మధ్యాహ్నం అన్నం తింటూ కూడా గులాబీల పేజీ, ముళ్ల మొక్కల పేజీ పక్కపక్కన తెరిచి పెట్టుకుని కూర్చున్నాను. కుడిచేతికి పెరుగన్నం. ఎడమచేత్తో మౌస్ పట్టుకుంటే అలవాటు లేక అది జారి, పేజీ మొత్తం పైనుంచి కింద దాకా నీలం రంగు పరుచుకుంది, ఏదైనా కాపీ చేసుకునేటప్పుడు పరుచుకుంటుంది చూడు, అలాగ. ఆ నీలంలో, మొదటి గులాబీకి పైన, ఖాళీగా ఉండాల్సిన చోట, తెల్లగా మూడు ఇంగ్లీషు అక్షరాలు మెరిశాయి. ఎస్, ఆర్, ఐ.

ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఆ శ్రీ నేను రాసిందే.

నాకు చిన్నప్పటి నుంచి కొత్త కాగితం మీద నెత్తిన శ్రీ రాయకుండా రెండో అక్షరం రాయడానికి చెయ్యి రాదు. పరీక్ష పేపరు, సరుకుల చీటీ, సెలవు చీటీ, ఏదైనా సరే. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెద్దసారుని అడిగాను కూడా, పేజీ పైన శ్రీ పెట్టుకోనాండీ అని. "అవి కస్టమర్ల పేజీలండి, మన సొంతవి ఏవీ పెట్టకూడదు" అన్నారు. సరేనండి అన్నాను. అని, ఈ అయిదు పేజీల్లోనూ మొట్టమొదటి వరసలో శ్రీ కొట్టి, దానికి తెల్లరంగు వేశాను. తెల్ల పేజీ మీద తెల్ల శ్రీ. (తెలుగు అక్షరాలు అప్పట్లో అన్ని కంప్యూటర్లలో పడేవి కావు, అందుకని ఇంగ్లీషులో.) పెద్దసారు చూడరు, దేవుడు చూస్తాడు అనుకున్నాను. స్క్రిప్ట్ కూడా చూస్తుందని తట్టలేదు. దానికి తెలుపైనా నలుపైనా వరసంటే వరసే. నా శ్రీని ఒకటో మొక్క అనుకుని లెక్కపెట్టింది. పై మొక్క నొక్కినప్పుడు ఆ తెల్ల శ్రీనే రంగుతో సహా కిందకి తెచ్చి పెడుతుంటే, మేం దాన్ని ఖాళీ వరస అనుకున్నాం.

ఏంటీ, ముళ్ల మొక్కల పేజీలో ఎందుకు లేదా? జెముళ్లు ఇంటి ముందు ఉండకూడదని మా అత్తగారు అనేవారు. వాటి నెత్తిన శ్రీ ఎందుకులే అని వదిలేశాను. గులాబీకీ ముళ్లుంటాయి, నాకు తెలుసు. గులాబీ దేవుడికి పెడతాం, అది వేరు. నువ్వు టైపు చెయ్యి.

చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాను. ఆ అయిదు వరసలూ చెరిపేస్తే చాలు. రెండు నిమిషాల పని. ప్లస్‌వన్ సారు తన ఒకటి తీసేసుకుంటాడు, అన్నీ పనిచేస్తాయి, ఎందుకు పాడయిందో ఎప్పటికీ ఎవరికీ తెలియదు. మొదటిది చెరపబోతుంటే పెద్దసారు గదిలోంచి మాటలు వినపడ్డాయి. చెక్క గోడ, ఎంత మెల్లగా మాట్లాడినా వినపడుతుంది. "నాలుగు రోజుల్నుంచి వరసలు లెక్కపెట్టలేకపోతున్నావ్. ఏం చదివావయ్యా నువ్వు?" అంటున్నారు. ఆ అబ్బాయి "చూస్తానండి, ఇంకోసారి చూస్తానండి" అంటున్నాడు. తప్పు తనదేనని వాడూ నమ్మేశాడు, గొంతులో తెలిసిపోతోంది.

లేచాను. లోపలికి వెళితే మాట వినని మనిషినని ఒప్పుకున్నట్టే. మూడు నెలలకి ఇంకా వారం ఉంది. ఇంటి దగ్గర మా అత్తగారి మాట ఒకటి ఉంది. కుచ్చిళ్లు సరిచేసుకుని తలుపు తోశాను.

"ఆయన తప్పు కాదండి. నాదండి" అన్నాను.

మొత్తం చెప్పాను. పెద్దసారు కుర్చీ నా వైపు తిప్పారు.

"ఎన్ని పేజీల్లో పెట్టారు?"

"అయిదింట్లోనండి."

"ఆరోది?"

"ముళ్లవి కదండీ అని పెట్టలేదండి."

ముందు నవ్వింది ప్లస్‌వన్ సారు. నాలుగు రోజుల బరువు దిగిపోయిన నవ్వు అది, ఆగలేదు. పెద్దసారు నవ్వలేదు. "తీసెయ్యండి. మీ సంగతి రేపు ఆయన వెళ్లాక మాట్లాడదాం" అన్నారు.

అక్కడితో బయటికి రావలసింది. కానీ నాకేమయిందో, చేసిన తప్పు ఎలాగూ ఒప్పుకున్నాను కదా అని ఇంకో మాట కూడా అనేశాను. "తీసేస్తే ఇవాళ్టికి సరిపోతుందండి. రేపు ఎవరో పైన ఒక బొమ్మ పెట్టమంటారు, మళ్లీ లెక్క తప్పుతుంది. పెళ్లి భోజనాల్లో మూడో విస్తట్లో నెయ్యి వెయ్యి అని చెప్పి పంపామనుకోండి. ఈలోపు బంతి మొదట్లో ఇంకొకాయన వచ్చి కూర్చుంటే నెయ్యి ఎవరికో పడుతుంది. అదే బావగారికి వెయ్యి అంటే ఆయన ఎక్కడ కూర్చున్నా ఆయనకే పడుతుంది కదండీ. స్క్రిప్ట్‌ని లెక్కపెట్టనివ్వకుండా, ఒక్కో మొక్కకీ ఒక్కో పేరు పెట్టి, ఆ పేరుతో పిలవమందామండి."

ప్లస్‌వన్ సారు నవ్వు ఆపేసి నా వైపు చూశాడు. "సార్, మేడమ్‌గారు చెప్పిందే కరెక్టండి. నేనే మొదట అలా రాయాల్సింది" అన్నాడు.

అదే నా జీవితంలో మొదటిసారి, నేను చెప్పిన మాటని ఒక ఇంజనీరు కరెక్టనడం. ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున్న కూర్చుని ఒక్కో మొక్కకీ లోపల ఒక పేరు తగిలించాను, నూటికి పైనే ఉన్నాయి. ఆయన స్క్రిప్ట్‌లో లెక్కంతా కొట్టేసి పేరు పట్టుకుని వెతకమని రాశాడు. ప్లస్సూ పోయింది, వన్నూ పోయింది.

శుక్రవారం తోటగారు వచ్చారు. తెల్ల పంచె, జేబులో రెండు పెన్నులు. కంప్యూటర్ ముందు కూర్చుని, డోర్ బెల్ నొక్కినట్టు మౌస్‌ని గట్టిగా నొక్కుతూ ఒక్కో మొక్కా చూశారు. ఏది నొక్కితే అది వచ్చింది. నేను వెనకాల నిలబడి ఒక్కో పేరూ జాబితాలో సరిచూసుకున్నాను. చివరికి ఆయన వెనక్కి వాలి అన్నారు:

"అంతా బాగుందండి. కానీ పైన శ్రీ ఏదండీ? మా తోటలో కుండీకి కట్టే చీటీ కూడా శ్రీ లేకుండా రాయవండి, ఆయ్."

పెద్దసారు మెల్లగా నా వైపు తిరిగారు. ఆయన మొహం ఎలా ఉందో నాకు తెలియదు, నేను నేల చూస్తున్నాను. "పెట్టండమ్మా" అన్నారు.

తోటగారి కళ్లముందే కూర్చుని, గులాబీల పేజీలో మొట్టమొదటి వరసలో, ఈసారి ఎర్రగా, పెద్దగా పెట్టాను. ప్లస్‌వన్ సారు కుర్చీ వీపు పట్టుకున్నాడు. తోటగారు గులాబీ నొక్కారు. గులాబీయే వచ్చింది. ఇంకోటి నొక్కారు, అదీ అంతే. అక్కడ ఏం జరిగిందో మా ముగ్గురికే తెలుసు, ఆయనకి తెలియనే తెలియదు. వరసగా మిగతా నాలుగింటికీ పెట్టి, ఆరో పేజీ దగ్గర ఆగాను.

"ముళ్లవాటికి కూడా పెట్టమంటారాండీ?"

"అదేంటమ్మా, అవి నా మొక్కలు కావా? నీళ్లు కూడా అడగవు పాపం" అన్నారాయన.

పెట్టేశాను. ఆయన్ని మెట్ల దాకా సాగనంపి పెద్దసారు వెనక్కి వచ్చారు. నా కుర్చీ దగ్గర నిలబడి, "సోమవారం నుంచి ట్రయల్ అనే మాట లేదండి. ఒక్కటే కండిషను. ఇకమీదట మీరు ఏం పెట్టినా కనపడే రంగులో పెట్టండి" అన్నారు.

ఆ సాయంత్రం రైలు ఎప్పుడెక్కానో ఎప్పుడు దిగానో తెలియదు. మా అత్తగారు వీధి అరుగు మీద చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. తలెత్తకుండానే "ఉంచుకున్నారా?" అన్నారు. ఉంచుకున్నారండి అన్నాను. ఇంకో నాలుగు కాయలు ఒలిచి, "అయితే అటక మీద నాలుగు గిన్నెల క్యారేజీ ఉంది, దింపు. రోజూ వెళ్లే మనిషికి ఈ రెండు గిన్నెలేం సరిపోతాయి" అన్నారు. ఆవిడ నాకిచ్చిన సర్టిఫికెట్ అదే.

తర్వాత ఎన్నో చేశాను. పద్దెనిమిదేళ్లు అదే మేడ మెట్లెక్కాను, నా కింద నలుగురు పిల్లలు పని నేర్చుకున్నారు, ఎవరి పేజీ పలక్కపోయినా "మేడమ్‌గారిని పిలవండి" అనేవాళ్లు. కానీ కళ్లు మూసుకుంటే కనపడేది అవేవీ కాదు. ఆ చెక్క తలుపు ముందు, పెరుగన్నం సగంలో వదిలేసి, కుచ్చిళ్లు సరిచేసుకుంటూ నిలబడ్డ ఆ పిల్ల కనపడుతుంది. ఎంత భయపడిందో పాపం. నవ్వూ వస్తుంది, ముద్దూ వస్తుంది. ఇప్పుడు గనక ఎదురుపడితే దాన్ని దగ్గర కూర్చోపెట్టుకుని ఒక్క మాట...

ఆగు, మీ అమ్మ పిలుస్తోంది. ఏంటే, వడ్డించేశావా? ఇద్దరం వస్తున్నాం, చారు చల్లారనీకు. నువ్వు లేవకు, ఈ ముక్క పూర్తి చెయ్యి ముందు. ఆ పిల్లతో ఏం చెబుదునంటే, ఒసేయ్, ఆ తలుపు తోశావు చూడు, అక్కడే నువ్వు నెగ్గేశావు, సోమవారం దాకా ఆగక్కర్లేదు.