ఉగ్గుగిన్నె మోగితే

అమెరికాలో, నోవై అనే ఊళ్ళో నేను పనిచేసే డేకేర్‌లో, ఏడాది నిండని పసివాళ్ళ గదిలో, పొద్దున్నే వచ్చే వాసనలు రెండే. బల్లలు తుడిచిన మందునీళ్ళ వాసన, సీసాల్లో వేడెక్కిన పాల వాసన. పోయిన సోమవారం మూడోది వచ్చింది. కొత్తగా చేరిన ఎనిమిది నెలల తెలుగుపిల్ల మాడు మీద కొబ్బరినూనె. ఎత్తుకోగానే ఇరవై ఏళ్ళ కిందటి పార్సిప్పనీ అపార్ట్‌మెంటు, అందులో సరోజా ఆంటీ, ఆవిడ వెనకాలే నా కోపమూ వచ్చేశాయి. ఆ కోపం ఇవాళ్టికీ చల్లారలేదు. చల్లార్చుకోవాలనీ లేదు.

సరోజా ఆంటీ మాకు చుట్టం కాదు. మా కింది అంతస్తులో ఉండే నల్లగొండ మనిషి. అమ్మా నాన్నా ఆఫీసులకి వెళ్తే నా తమ్ముడు కిరణ్‌నీ, ఇంకో ఇద్దరు పసిపిల్లల్నీ చూసుకునేది. నాకప్పుడు ఏడేళ్ళు. స్కూల్ బస్సు దిగి, మంచు పట్టి బరువెక్కిన బూట్లు గుమ్మంలో విడిచి లోపలికి అడుగుపెడితే, హీటరు పక్కన ఆరేసిన పిల్లల గుడ్డలూ, పప్పు తిరగమోతా, మరుగుతున్న వామునీళ్ళూ, బేబీ సబ్బూ అన్నీ కలిసిన వెచ్చటి వాసన మొహానికి తగిలేది. సాంబ్రాణి మాత్రం ఉండేది కాదు. ఒకసారి వేస్తే పొగ అలారం మోగి, బిల్డింగ్ బిల్డింగంతా వెళ్ళి మంచులో నిలబడింది. ఉగాదికి మామిడికాయ బదులు పచ్చ యాపిల్ వేసి చేసిన పచ్చడి నాకు గిన్నెలో పెట్టి, పసివాళ్ళ పెదాలకి వేలికొసతో కాస్త చింతపండు పులుపు అంటించి, ఎవరు మొహం ముడుచుకుంటారో, ఎవరు నాలుక చాపి ఇంకా కావాలంటారో చూసి తెగ మురిసిపోయేది.

చూడటమే ఆవిడ పని. పిల్ల ఏడిస్తే నేను పరిగెత్తుకెళ్ళి ఎత్తుకోబోయేదాన్ని. చెయ్యి పట్టి ఆపేది.

"మొదాలు సూడు బిడ్డా. సూసినంక ఎత్తుకో."

బొంత పరిచి, తనూ పిల్లల పక్కన బోర్లా పడుకుని, వాళ్ళ కళ్ళ ఎత్తుకి తన కళ్ళు దించి చూసేది. పిడికిళ్ళు నోట్లోకి పోతే ఆకలి, చెవి రుద్దుకుంటే నిద్ర, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుంటే నొప్పి, నవ్వుతున్నదల్లా మొహం పక్కకి తిప్పేసుకుంటే ఇక ఆట చాలని. ఏ పుస్తకం చదివి నేర్చుకుందో అడగలేదు. సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి, వెనక చేరి, తన వెండి ఉగ్గుగిన్నెని స్పూనుతో టింగుమని మోగించేది. ఇద్దరు గిరుక్కున తిరిగేవాళ్ళు. మా కిరణ్ తిరిగేవాడు కాదు.

వారం రోజులు చూసింది. చెక్కనేల మీద కూర్చోబెట్టి తలుపు దభీమని వేస్తే తిరిగాడు. మందపాటి బొంత మీద కూర్చోబెట్టి అదే తలుపు వేస్తే కదల్లేదు. నేల అదిరితే వాడికి తెలుస్తోంది, చప్పుడు తెలియడం లేదు. ఆ సాయంత్రం మా అమ్మ రాగానే చెప్పింది.

"బాబు సప్పుడుకు తిరుగుతలేడమ్మా. ఒక్కసారి చెవుల డాక్టరుకు సూపియ్యుండ్రి."

అమ్మ మొహం మాడిపోయింది. "మావాడికేం లేదండీ. ఇంట్లో తెలుగు, టీవీలో ఇంగ్లీషు, పాపం కన్ఫ్యూజ్ అవుతున్నాడంతే."

నాన్న ఇంకో మెట్టు పైన. "పుట్టినప్పుడు హాస్పిటల్లో హియరింగ్ టెస్ట్ పాస్ అయ్యాడు. పేపర్ ఉంది." పుట్టినప్పుడు ఉన్న వినికిడి తర్వాత పోవచ్చని ఇద్దరు ఇంజినీర్లకి తట్టలేదు. పేపర్ ఉందిగా! పిల్లాడు కన్ఫ్యూజ్ కాకూడదని ఇంట్లో తెలుగు మానేశారు, ఆంటీ ఇంటికి పంపడమూ మానేసి పెద్ద డేకేర్ సెంటర్‌లో చేర్చారు.

అక్కడ రోజూ ఓ కాగితం ఇచ్చేవారు. ఎన్ని పాలు తాగాడు, ఎన్ని డైపర్లు మార్చారు, ఎంతసేపు పడుకున్నాడు. కింద నవ్వుమొహం బొమ్మ. 'అసలు ఏడవడు! ఎంత గోలలోనైనా హాయిగా నిద్రపోతాడు!' ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. అదే కదా జబ్బు! దాన్ని మెచ్చుకోలుగా రాశారు. మా అమ్మ ఆ కాగితాల్ని ఫ్రిజ్ మీద అంటించుకుంది.

ఇక నా సంగతి. దొంగలా దాచుకోను, చెప్పేస్తాను. నాకు తెలుసు. ఆంటీ చేసినట్టే వాడి వెనక నేనూ గిన్నె మోగించి చూశాను, వాడు తిరగలేదు. కానీ శనివారం ఫ్రెండ్స్ ఇంటికొస్తే అమ్మ "కిరణ్!" అని పిలిచి, వాడు తిరగకపోతే ఆవిడ మొహం చిన్నబోయేది. అది చూడలేక నేను వాడి వెనక నేల మీద మెల్లిగా కాలితో ఒక్కటి కొట్టేదాన్ని. వాడు టక్కున తిరిగేవాడు. అమ్మ నవ్వేది. "చూశారా, వింటాడు!" నేనూ నవ్వేదాన్ని.

వాడికి రెండున్నరేళ్ళు వచ్చాక అసలు సంగతి బయటపడింది. చెవిటితనం మీద నాకు కోపం లేదు. మావాడిప్పుడు కాలేజీలో చదువుతున్నాడు, చేతులతో నాకంటే గడగడా మాట్లాడతాడు. కానీ ఆ రెండేళ్ళూ వాడితో ఎవ్వరూ ఏ భాషలోనూ మాట్లాడలేదు, పెదాలు ఆడించారంతే. ఆ ఏళ్ళు ఎవరిస్తారు తిరిగి? నిజం తెలిశాక అమ్మ కిందికి పరిగెత్తింది. ఆంటీ వాళ్ళు అప్పటికే వేరే రాష్ట్రానికి మారిపోయారు. వెళ్ళేముందు, అమ్మకి తెలియకుండా, ఉగ్గుగిన్నె నాకిచ్చి వెళ్ళింది. క్షమించమని అడిగే అవకాశం మా ఇంట్లో ఎవరికీ దొరకలేదు.

ఇప్పుడు నేను పనిచేసేచోట కాగితం పోయి టాబ్లెట్ తెర వచ్చింది. పాలు, డైపరు, నిద్ర, నవ్వుమొహం. నేల మీద బోర్లా పడుకుని పిల్లని చూస్తే, ఏం చేస్తున్నావని సూపర్‌వైజర్ అడుగుతుంది. చూడటానికి అందులో బటన్ లేదు. ఈ నాలుగు రోజులూ కొబ్బరినూనె పిల్ల వెనక నా గిన్నె మోగిస్తూనే ఉన్నాను, ఒక్కసారీ తిరగలేదు. నిన్న సాయంత్రం వాళ్ళమ్మతో చెప్పాను.

"హాస్పిటల్లో పాస్ అయిందండీ. ఇంట్లో తెలుగు, ఇక్కడ ఇంగ్లీష్... కన్ఫ్యూజ్ అవుతుందేమో," అంది. ఆవిడ కళ్ళలో మా అమ్మ కోపమే. రేపటి నుంచి పిల్లని ఇంకోచోట చేర్పిస్తుందేమో, చేర్పించనీ! బొంత మీద పిల్లని కూర్చోబెట్టి, గిన్నె ఆవిడ చేతికిచ్చి, "మీరే మోగించండి," అన్నాను.

వెనక కూర్చుని మోగించింది. పిల్ల తన వేళ్ళు చూసుకుంటోంది. ఇంకా గట్టిగా మోగించింది. పిల్ల తన వేళ్ళే చూసుకుంటోంది. "పాపా!" అంటూ ఆవిడ బొంత అంచు దాటి నేల మీద అరచేత్తో కొట్టబోయింది.

ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"కొట్టకండి," అన్నాను. "అప్పుడు నేను కొట్టాను."