గరిక పెరికిన మొనగాడు

కలుపు తీసి ఒక పట్టభద్రుడి బతుకును వేళ్లతో సహా పెరికినంత పని చేసిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి.

యుద్ధం రోజులు. మూడో తరగతితోనే బడికి దండం పెట్టి, మదనపల్లె పార్కులో తోటమాలిగా చేరాను. కుప్పం నుంచి గోవిందప్ప అనే బి.ఎస్సి. కుర్రాడు అక్కడికి శిక్షణకు వచ్చాడు. చివర్లో మదరాసు దొర వచ్చి, అతని పని చూసి సర్టిఫికెట్టు ఇస్తే పెద్ద పార్కులకు అధికారి అవుతాడట. చెట్టుకు నీళ్లు పోయడానికి కాలేజీ చదువా అని నాకు మొదటి రోజు నుంచే మంట.

చెనక్కాయలు పెరకడానికి పుంగనూరు దగ్గరి మా ఊరికి పోయి నెల తర్వాత వచ్చేసరికి, పార్కు నడిమధ్యలో గరిక! అదీ వరసలు కట్టి! కలుపుకు కూడా ఈ కాలేజీవాడు డ్రిల్లు నేర్పినట్టున్నాడు. ఒళ్లు మండిపోయింది. దొర వచ్చేది మర్నాడే. గోవిందప్ప చూస్తే దొర దిగే బంగళా సర్దించడానికి పోయాడు. మీరే చెప్పండి, రైతుబిడ్డ ఊరుకుంటాడా? కలుపు తీసే తొలిక పట్టుకుని కూర్చుంటే మధ్యాహ్నానికి ఒక్క వేరు మిగల్లేదు.

అతను రాగానే ఆ మోపు కాళ్ల ముందు పడేశాను.

“సూడండి సార్! నేను ల్యాకుంటే తోట ఎట్లయిపోయిందో!”

అతని ముఖం సున్నం కొట్టిన గోడలా పాలిపోయింది. “ఇది యాడిది?”

“నడిమధ్యలోది. గరిక సార్, గరిక!”

“గరికనే అప్పా! నేనే నాటినా! అది లాను, పచ్చిక! దొర సూసేదే దాన్ని! నీకు కండ్లు ఉండాయా?”

“గరిక నాటేదానికా సార్ బి.ఎస్సి. సదివింది?” అని నేనూ అరిచాను.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను కలుపు తీసి రచ్చకెక్కాను. దొర వచ్చి, బోడి నేల చూసి, రుసరుసలాడి రెండు నెలల గడువిచ్చాడు. అప్పటికి పచ్చిక లేకపోతే గోవిందప్పకు సర్టిఫికెట్టు లేదు.

“పెరికిన చేత్తోనే నాటు!” అని గోవిందప్ప పళ్లు కొరికాడు. నాటాను, వేరుకొక తిట్టు చొప్పున.

మూడో రోజు మా నాయన నన్ను చూడడానికి వచ్చాడు.

“ఏందిరా నాటతాండావు?”

“గరిక, నాయనా.”

ఆయన కళ్లు ఎర్రబడ్డాయి. “మీ తాత పెరికె, నేను పెరికితి, నడుములు పోయినాయి. నువ్వు సర్కారు పనికొచ్చి దాన్ని నాటతాండావా, యదవా?” అంటూ పంచె ఎగ్గట్టి రెండు వరసలు లాగేశాడు.

నేను ఆయన నడుం పట్టుకుని వెనక్కి గుంజుతుంటే గోవిందప్ప పరుగెత్తుకొచ్చాడు. మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తల పట్టుకున్నాడు.

“మీ ఇంట్లో ఇంకా ఎంతమంది ఉండారప్పా?”

రెండు నెలలకు పచ్చిక పరుచుకుంది, గోవిందప్పకు సర్టిఫికెట్టూ వచ్చింది లెండి. ఆ పచ్చిక మీదే నిలబడి ఒట్టు పెట్టుకున్నాను: బి.ఎస్సి. పాసైనవాడు కాగితం మీద రాసిస్తే తప్ప, ఈ జన్మలో గరిక పోచ ముట్టను. వినాయక చవితి పూజకైనా సరే!